హోటల్ ఇంటీరియర్స్, ఇంటర్న్‌షిప్: వైజాగ్‌లో వినిపించే అపోహలు, సైట్‌లో తెలిసే వాస్తవాలు

హోటళ్ళు, రిసార్టులు, రెస్టారెంట్ల ఇంటీరియర్స్ మా స్టూడియో పని. ఏటా వైజాగ్ చుట్టుపక్కల కాలేజీల నుంచి ఇంటీరియర్ డిజైన్ పిల్లలు ఇంటర్న్‌షిప్‌కి వస్తారు. వస్తూ వస్తూ కొన్ని నమ్మకాలు కూడా వెంట తెచ్చుకుంటారు. కొన్ని కాలేజీలో పుట్టినవి, కొన్ని ఇంట్లో విన్నవి, ఎక్కువ భాగం ఇన్‌స్టాగ్రామ్‌లో చూసినవి. చాలావాటి వల్ల నష్టమేమీ లేదు. కానీ కొన్నింటి వల్ల తెలివైన పిల్లలు కూడా తమకున్న కొద్ది నెలల్ని పోగొట్టుకుంటారు. అలాంటివాటి గురించే ఈ పోస్టు.

అపోహ: ఇల్లు డిజైన్ చేయడం వస్తే హోటల్ గది ఓ లెక్కా?

ఇంట్లో ఉండేది ఎవరో మనకి తెలుసు. వాళ్ళకి తమ సామాను మీద ప్రేమ ఉంటుంది, స్విచ్ ఎక్కడుందో చీకట్లో కూడా చెయ్యి దానంతటదే పోతుంది. హోటల్ గదికి వచ్చేది రోజుకో కొత్త మనిషి. బ్యాగుని గోడకి రాసుకుంటూ లాగుతాడు, తడి తువ్వాలు చెక్క కుర్చీ మీద ఆరేస్తాడు, ఫోన్ ఛార్జింగ్ కోసం మంచం వెనక ప్లగ్ తడుముకుంటాడు. అతని తప్పేం లేదు, గదికి డబ్బు కట్టాడు. అవన్నీ ముందే ఊహించాల్సింది మనం.

పైగా వైజాగ్‌కి వచ్చేవాళ్ళంతా బీచ్ చూడ్డానికే వస్తారనుకుంటే సగం ఊరిని మర్చిపోయినట్టే. వారం మధ్యలో స్టీల్ ప్లాంట్, పోర్టు, నేవీ పనుల మీద, పరవాడ ఫార్మా సిటీ పనుల మీద వచ్చేవాళ్ళుంటారు. వాళ్ళకి సరైన డెస్కు, దాని మీద మంచి లైటు, చేతికందే ప్లగ్గులు కావాలి. శని, ఆదివారాలు అదే గదిలోకి ఇద్దరు పిల్లలతో కుటుంబం దిగుతుంది. సింహాచలం దర్శనానికి వచ్చిన కుటుంబం తెల్లవారుజామునే స్నానాలు చేసి తడి బట్టలు ఆరేసుకుంటుంది. బాత్రూంలో లాగి కట్టుకునే చిన్న తీగ ఒకటి పెట్టకపోతే ఆ బట్టలు మీరు ముచ్చటపడి ఎంచుకున్న ల్యాంప్ షేడ్ మీదకే చేరతాయి. బీచ్ నుంచి వచ్చినవాళ్ళ కాళ్ళతో వచ్చే ఇసుక బాత్రూంలో నీళ్ళు పోయే ట్రాప్‌లో కూర్చుంటుంది. గదిలోకి రాకముందే కాళ్ళు కడుక్కునే చోటు ఉందా అన్న ప్రశ్న నేను పిల్లల ప్రాజెక్టులు చూసి ప్రశ్నలడిగే స్టూడియో జ్యూరీల్లో తప్పకుండా అడుగుతాను. చాలామంది దగ్గర జవాబుండదు.

ఇక పెళ్ళిళ్ళు. మన ఊళ్ళో ముహూర్తాల సీజన్లో బ్యాంకెట్ ఉన్న హోటల్ అంటే పెళ్ళివారిల్లే. పెళ్ళికూతుర్ని చేయడం గదిలోనే జరుగుతుంది. పసుపు, నూనె, నలుగుపిండి అన్నీ నేల మీదే. తెల్ల మార్బుల్ పసుపుని పీల్చుకుంటుంది, నిమ్మరసం పడితే దాని మెరుపు పోతుంది. టైల్స్ మధ్య సిమెంట్ గ్రౌట్ ఇంకా అన్యాయం, ఒకసారి పసుపెక్కితే ఎన్నిసార్లు తోమినా వదలదు. ఎపాక్సీ గ్రౌట్ ఖరీదు ఎక్కువే గానీ అంతగా పీల్చుకోదు. బ్యాంకెట్ హాల్లో హోమగుండం ఎక్కడ పెడతారో ముందే అడిగి, అక్కడి పొగ బయటికి పోయే దారి, పైన స్మోక్ డిటెక్టర్ల సంగతి ఎంఈపీ (ఏసీ, కరెంటు, ప్లంబింగ్ చూసే) ఇంజినీర్‌తో మాట్లాడుకోవాలి. లేకపోతే మాంగల్యధారణ వేళకి ఫైర్ అలారం మోగుతుంది. ఇలాంటివి ఏ విదేశీ డిజైన్ పుస్తకంలోనూ ఉండవు. మనకి తెలుసు కాబట్టి మనమే డ్రాయింగ్‌లోకి ఎక్కించాలి.

హోటల్ గదికి అతిథి కంటే దగ్గరి మనిషి ఇంకొకరున్నారు, ఆ గదిని శుభ్రం చేసే మనిషి. హౌస్‌కీపింగ్‌లో ఒక్కొక్కరికి రోజుకి దాదాపు 12 నుంచి 16 గదులు పడతాయి. గదికి అరగంట దొరికితే గొప్ప. ఒక మాక్‌అప్ గది (ముందుగా కట్టి చూసే నమూనా గది) చూపిస్తున్నప్పుడు హౌస్‌కీపింగ్ ఆవిడ మా ఇంటర్న్‌ని మంచం తల వైపు హెడ్‌బోర్డ్ దగ్గరికి పిలిచి, "ఈ సందులోకి నా చెయ్యీ పోదు, బ్రష్షూ పోదు పాపా. రోజూ ఎలా తుడవమంటావు?" అంది. ఆ సందు మూసేశాం. ఆ అమ్మాయి అప్పట్నుంచి ఏ ఫర్నిచర్ గీసినా ముందు దుమ్ము ఎక్కడ చేరుతుందో గుర్తు పెట్టేది. మంచం కింద ఖాళీ వదలాలా, నేల దాకా మూసెయ్యాలా, ట్రాలీ కారిడార్‌లో నిలబెడితే పక్కనుంచి మనిషి వెళ్ళగలడా, కెటిల్ ఆవిరి పైనున్న షెల్ఫ్‌కి తగులుతుందా: హాస్పిటాలిటీ డిజైన్ అంటే చాలా వరకు ఇదే.

అపోహ: రెండర్ అదిరితే ప్రాజెక్టు అయిపోయినట్టే

రెండర్ (గది ఎలా ఉంటుందో కంప్యూటర్‌లో గీసి చూపించే బొమ్మ) కావాలి, క్లయింట్‌కి నమ్మకం కలిగించేది అదే. కానీ మేస్త్రీ చేతికి రెండర్ ఇచ్చి పని చేయించలేం. ఫ్లోరింగ్ లేఅవుట్, సీలింగ్ ప్లాన్, ఎలక్ట్రికల్ లేఅవుట్, ప్రతి గోడకీ ఎలివేషన్ (ఎదురుగా చూసినట్టు గీసిన డ్రాయింగ్), ఫర్నిచర్ డీటెయిల్స్, బీఓక్యూ (ఏ సామాను, ఏ పని ఎంత కావాలో చెప్పే జాబితా) ఇవన్నీ కావాలి. అందమైన సీలింగ్ గీసిన చోటే ఏసీ డక్ట్ వస్తుంది, మంటలార్పే స్ప్రింక్లర్ వస్తుంది, గదికి చల్లగాలి పంపే ఫ్యాన్ కాయిల్ యూనిట్‌ని రిపేర్ చేయడానికి మనిషి తల పట్టే మూత కావాలి. వాటన్నిటినీ ఇముడ్చుకుని కూడా సీలింగ్ బాగుండాలి. అదీ పని.

హోటల్‌లో ఇంకో చిక్కుంది. ఇంట్లో వార్డ్‌రోబ్ కొలత తప్పితే ఒక్క వార్డ్‌రోబ్ పోతుంది. 80 గదుల హోటల్‌లో అదే తప్పు 80 సార్లు జరుగుతుంది. అందుకే ముందు ఒక గదిని పూర్తిగా కట్టి, అందులో పడుకుని, స్నానం చేసి, లైట్లన్నీ ఆర్పి చూస్తారు. మీ ఇంటర్న్‌షిప్ సమయంలో మాక్‌అప్ గది కడుతుంటే ఏ పని ఉన్నా పక్కన పెట్టి అక్కడికి వెళ్ళండి.

అపోహ: సముద్రం ఒడ్డు హోటల్ అంటే నీలం, తెలుపు, తాళ్ళు, గవ్వలు

స్టూడియోలో రుషికొండ రిసార్ట్ ప్రాజెక్ట్ ఇస్తే పది షీట్లలో సగానికి పైగా ఇలాగే వస్తాయి. ఆ గదిని ఎత్తి ఏ దేశపు బీచ్‌లో పెట్టినా తేడా తెలియదు. ఇంత సంపద చుట్టూ పెట్టుకుని అలా గీయడం చూస్తే నాకు బాధేస్తుంది.

ఏటికొప్పాక మనకి దగ్గర్లోనే ఉంది, అనకాపల్లి జిల్లాలో, వరాహ నది ఒడ్డున. అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ లక్క పూసే ఆ పనికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతటితో ఆగి బొమ్మల్ని లాబీ షెల్ఫ్‌లో వరసగా పేర్చేస్తే అది దుకాణంలా ఉంటుంది. ఆ ఊరు వెళ్ళి, పనివాళ్ళతో కూర్చుని, తలుపు పిడులు, కర్టెన్ రాడ్ చివరలు, గది తాళం బిళ్ళలు చేయించవచ్చేమో అడగండి. అంకుడు మెత్తటి కర్ర, లక్క వేడికి మెత్తబడుతుంది. కాబట్టి ఎండ నేరుగా పడే కిటికీ దగ్గరా, కెటిల్ పక్కనా వద్దు. పొందూరు ఖద్దరు అంటే ప్రాణం పెట్టే పిల్లలున్నారు, సంతోషం. కానీ ఆ సన్నటి నేతని సోఫాకి తొడిగితే నెలలు కూడా నిలవదు. సోఫాకి మేము బట్ట అరుగుదలని కొలిచే మార్టిండేల్ టెస్టులో 40,000 రాపిడులకి పైన తట్టుకున్న బట్టే అడుగుతాం. ఖద్దరుని ల్యాంప్ షేడ్‌కో, అద్దం వెనక గోడ ప్యానెల్‌కో వాడుకోండి. శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి కూడా అంతే, ఉప్పు గాలికి త్వరగా నల్లబడుతుంది. లాకర్ (పారదర్శక వార్నిష్) కోటింగ్ ఉండాలి, లేదా తరచూ తోమే మనిషి ఉండాలి. ఎవరు తోముతారో తెలియకుండా ఇత్తడి పెట్టకండి.

బౌద్ధ క్షేత్రాలైన తొట్లకొండ, బావికొండ మీద ఒక సాయంత్రం గడిపి రండి. అక్కడి స్తూపాల బొమ్మని గోడ మీద అచ్చు వేయమని కాదు. కొండ మీద నుంచి సముద్రాన్ని ఎలా చూపించారో, నడిచే దారి మనిషిని ఎలా తిప్పుతుందో గమనించండి. ఒక లాబీ ప్లాన్‌కి ఆ మాత్రం చాలు.

అపోహ: స్టెయిన్‌లెస్ స్టీల్‌కి తుప్పు పట్టదు, మెరైన్ ప్లైకి ఏమీ కాదు

బీచ్ రోడ్డులో సముద్రం వైపున్న ఏ పాత బాల్కనీ రెయిలింగ్ అయినా చెయ్యి పెట్టి చూడండి. గోధుమరంగు మచ్చలు కనిపిస్తాయి. మామూలుగా దొరికే 304 గ్రేడ్‌కి ఉప్పు గాలి పడదు. 316 గ్రేడ్‌లో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది, అందుకే ఎక్కువ తట్టుకుంటుంది. తట్టుకుంటుంది అన్నానే గానీ అసలు మచ్చే పడదని కాదు. దాన్ని కూడా మంచినీళ్ళతో కడుగుతూ ఉండాలి. డ్రాయింగ్‌లో "ఎస్ఎస్" అని రాసి వదిలేస్తే కాంట్రాక్టర్ ఏది చవకో అదే తెస్తాడు. గ్రేడ్ రాయండి.

ప్లైవుడ్‌లో ఐఎస్ 710 అంటే మెరైన్ ప్లై. దాని జిగురు 72 గంటలు నీళ్ళలో ఉడికించినా విడిపోకూడదు. ఆ పరీక్ష జిగురుకి సంబంధించింది. అంచులకి సీల్ వేయకపోతే తేమ లోపలికి వెళ్ళడం ఆగదు. బాత్రూం వానిటీ కింద భాగం, సింక్ కోసం కోసిన రంధ్రం అంచు, ఈ రెండూ మన ఊళ్ళో మొదట పాడయ్యేవి. తలుపు కబ్జాలు, స్క్రూలు, ఫాల్స్ సీలింగ్ చానెళ్ళు కూడా ఇదే కోవ. ఎవరికీ కనపడవు కాబట్టి వాటి మీద ఖర్చు తగ్గిస్తారు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్ళో ఎన్ని అద్దాలు పగిలాయో అప్పుడు ఇక్కడున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. సముద్రానికి ఎదురుగా నేల నుంచి పైకప్పు దాకా అద్దం గీసేటప్పుడు ఆ రోజుని గుర్తు పెట్టుకోండి. అద్దం మందం, ఫ్రేమ్ స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని అడగాల్సిన విషయాలు.

ఇంకో మాట. మన సముద్రం తూర్పు, ఆగ్నేయం వైపు ఉంది. మే నెలలో ఐదున్నరలోపే సూర్యుడు సీ వ్యూ గదిలోకి వచ్చేసి అతిథి మొహం మీద పడతాడు. పలచటి తెల్ల కర్టెన్ రెండర్‌లో ఎంత బాగున్నా, దాని వెనక పూర్తిగా చీకటి చేసే బ్లాక్‌అవుట్ కర్టెన్ ఉండాల్సిందే.

అపోహ: ఫైర్, వీల్‌చైర్ ఆర్కిటెక్ట్ చూసుకుంటారు

ఆర్కిటెక్ట్ చూసుకున్న దాన్ని పాడు చేసేది మనమే. ఎగ్జిట్ తలుపుని గోడతో కలిసిపోయేలా ప్యానెల్ చేయడం, కారిడార్ చివర పెద్ద అద్దం పెట్టడం పిల్లలకి చాలా ఇష్టం. నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 ప్రకారం బయటికి పోయే దారిలోనూ, ఎగ్జిట్ తలుపు మీదా అద్దాలు పెట్టకూడదు. పొగలో మనిషికి దారి ఎటో తెలియకుండా పోతుంది. ఇక్కడ అందం కోసం బేరం లేదు. వీల్‌చైర్ తిరగడానికి 1500 మిల్లీమీటర్ల వృత్తం, తలుపుకి 900 మిల్లీమీటర్ల ఖాళీ ప్లాన్‌లో మొదటి రోజే గీసుకోండి. ఆఖర్లో ఇరికిస్తే ఆ గది ఆసుపత్రిలా తయారవుతుంది. ఆ గదిలో దిగేవాళ్ళు కూడా సెలవు మీదే వచ్చారు.

అపోహ: ఇంటర్న్ అంటే టేపు పట్టుకోవడం, శాంపిల్స్ సర్దడం

అవును, ఆ రెండూ చేయిస్తాం. నేర్చుకునేది చాలా వరకు అక్కడే.

డ్రాయింగ్‌లో గది వెడల్పు 3600 మిల్లీమీటర్లు అని ఉంటుంది. ప్లాస్టరింగ్ అయ్యాక కొలిస్తే ఒక చివర 3565, ఇంకో చివర 3580. మూల నుంచి మూలకి రెండు కర్ణాలూ కొలిస్తే గది మూలలు సరిగ్గా లేవని తెలుస్తుంది. ఫ్యాక్టరీలో తయారై వచ్చే వార్డ్‌రోబ్‌కి ఈ తేడా ప్రాణాంతకం. టేపు పట్టుకున్నవాళ్ళకే ఇది తెలుస్తుంది, సాఫ్ట్‌వేర్‌కి తెలియదు. బాత్రూంలో వాటం సరిగ్గా ఉందో లేదో మేస్త్రీ పక్కన నిలబడి, బకెట్ నీళ్ళు పోయించి చూడండి. మీటరుకి 10 నుంచి 15 మిల్లీమీటర్ల వాలు కాగితం మీద ఒక బాణం గుర్తు మాత్రమే. నీళ్ళు ఒక మూల నిలిచిపోయినప్పుడు దాని విలువ అర్థమవుతుంది. మేస్త్రీని పేరు అడిగి, గౌరవంగా మాట్లాడండి. రసమట్టం ఎలా చూడాలో, టైల్ ఏ మూల నుంచి మొదలుపెడితే కత్తిరింపు తలుపు దగ్గర కనపడదో ఆయన చెప్పినంత బాగా నేను చెప్పలేను.

శాంపిల్స్ సర్దేటప్పుడు ప్రతిదాని వెనకా ధర, ఎన్ని వారాల్లో వస్తుంది, బ్యాచ్ నంబరు రాయండి. టైల్స్ బ్యాచ్ మారితే షేడ్ మారుతుంది. రెండేళ్ళ తర్వాత నాలుగు పగిలితే అదే షేడ్ బజార్లో దొరకదు, కాబట్టి ముందే కొన్ని అదనంగా కొని దాచాలి.

అయితే నెలల తరబడి ఇదే చేయించి, ఒక్క సైట్‌కీ తీసుకెళ్ళని చోట ఉంటే మాత్రం నోరు విప్పి అడగండి. స్టైపెండ్ అడగడం కూడా తప్పు కాదు. మీ సమయానికి విలువుంది. చేరే ముందే ఏం నేర్పిస్తారు, ఎంత ఇస్తారు అన్నవి కాగితం మీద రాయించుకోండి.

అపోహ: ఆడపిల్లలకి సైట్ పని కుదరదు

కుదురుతుంది. మా దగ్గర సైట్లు బాగా నడిపినవాళ్ళలో ఎక్కువమంది అమ్మాయిలే. కుదరనిది సైట్‌లో టాయిలెట్ లేకపోవడం, చీకటి పడ్డాక తిరిగి వెళ్ళడానికి బండి లేకపోవడం. వాటిని ఏర్పాటు చేయాల్సింది స్టూడియో, కాంట్రాక్టర్. తల్లిదండ్రులు ఆ రెండూ అడిగి తెలుసుకుని పంపండి. అడ్డు చెప్పకండి.

అపోహ: పెద్ద పని నేర్చుకోవాలంటే హైదరాబాదో బెంగళూరో వెళ్ళాలి

వెళ్ళండి, మంచిదే. కానీ ఉప్పు గాలి, తుపాను, పెళ్ళిళ్ళు, యాత్రికులు, వ్యాపారం మీద వచ్చేవాళ్ళు అంతా ఒకే భవనంలో కలిసే చోటు ఇది. చిన్న స్టూడియోలో ఒక ప్రాజెక్టుని కొలతల దగ్గర నుంచి చివరి స్నాగ్ లిస్ట్ (సరిచేయాల్సిన లోపాల జాబితా) దాకా చూసే అవకాశం ఎక్కువ.

అపోహ: పోర్ట్‌ఫోలియోలో అన్నీ రెండర్లే ఉండాలి

"ఆర్కిటెక్ట్" అని రాసుకోవడానికి 1972 చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ కావాలి. ఇంటీరియర్ డిజైనర్‌కి అలాంటి చట్టబద్ధమైన రిజిస్టర్ లేదు. అందుకే మీకు పని వచ్చని చూపించేది మీ డ్రాయింగులే. రెండు మంచి రెండర్లు చాలు. మిగతా పేజీల్లో ఒక వానిటీ యూనిట్ పూర్తి డీటెయిల్, సైట్‌లో కొలిచిన ప్లాన్, ఒక చిన్న బీఓక్యూ, వేసిన డ్రాయింగ్‌కీ కట్టిన దానికీ తేడా ఎందుకొచ్చిందో రాసిన ఒక పేజీ పెట్టండి. స్టూడియో పేరు రాయండి, అందులో మీరు చేసిన భాగం ఏదో స్పష్టంగా చెప్పండి, సైట్ ఫొటోలకి అనుమతి తీసుకోండి.

మా దగ్గరికి వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్‌తో పాటు 5 మీటర్ల టేపు, కాళ్ళు పూర్తిగా మూసే బూట్లు తెచ్చుకోండి. మొదటి వారం సైట్‌లోనే ఉంటారు.