వాలుగ పళ్లు, గాలపు ముల్లు

తమిళులు ఆత్తు వాళై అనే చేపను చెన్నైలోని తెలుగువాళ్లం ఇప్పటికీ వాలుగ అనే అంటాం. ఆ పేరు శాస్త్రంలోకీ ఎక్కింది. విశాఖపట్నం తీరంలో సేకరించిన చేపలను వర్ణిస్తూ ప్రకృతి శాస్త్రవేత్త పాట్రిక్ రస్సెల్ 1803లో వెలువరించిన గ్రంథంలో తెలుగు పేర్లను తన చెవికి వినిపించినట్టు రాసుకున్నాడు. డచ్చి శాస్త్రవేత్త పీటర్ బ్లీకర్ 1851లో ఈ చేప ప్రజాతికి పెట్టిన వల్లాగో అన్న పేరు మన వాలుగే. కావ్యాల్లో నాయిక కన్నులకు పోలికగా నిలిచిన చేప కూడా ఇదే. అయితే దాని నోటిలోకి ఒక్కసారి తొంగిచూసిన వారికి ఆ తరువాత కన్నుల పోలిక గుర్తురాదు.

నగర శివారు చెరువు ఒకదాని దగ్గర, మూరెడు వాలుగ నోటి నుంచి గాలం తీయబోయి నేను బొటనవేలిని దాని కింది దవడ మీద ఆనించాను. అది నోరు మూసింది. ఉలిక్కిపడి వేలిని లాక్కోవడమే నేను చేసిన తప్పు. పక్కనున్న నెల్లూరు జాలరి "లాగొద్దు సార్, లోపలికి నెట్టండి" అని అరిచేసరికే వేలి మీద ఆకురాయితో రుద్దినట్టు సన్నని గీతలు ఎర్రగా తేలాయి. ఆ చేప దవడ నిర్మాణమంతా ఆయన అన్న ఆ ఒక్క మాటలో ఉంది. వాలుగ పళ్లు కుక్క కోరల్లా విడివిడిగా ఉండవు. రెండు దవడల మీదా పట్టీలుగా, ఒత్తుగా, సూదుల్లా మొలిచి, మొనలన్నీ గొంతువైపు వాలి ఉంటాయి. ఇవి నమలడానికి పనికివచ్చే పళ్లు కావు. లోపలికి పోయే చేపపిల్లకు దారి ఇచ్చి, బయటికి రాబోయేదాన్ని ఆపడమే వాటి పని. వేలికైనా అదే న్యాయం. కొర్రమీనుకు సన్నని పళ్లతో పాటు కింది దవడలో కోరల్లాంటివి కూడా ఉంటాయి గనుక, దాని కాటుకు గీతలు తక్కువ, లోతు ఎక్కువ.

మనిషి చేసిన గాలం కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది. మొనకు కాస్త వెనుకగా, వచ్చిన దారికి ఎదురుగా వాలి ఉండే ముల్లు, గుచ్చుకునేటప్పుడు అడ్డురాదు, ఊడేటప్పుడు మాత్రం కండను పట్టుకుంటుంది. అంటే గాలం తీసేవాడి ముందు ఎదురుముళ్లు రెండు రకాలవి ఉన్నాయి, ఒకటి చేపను పట్టుకున్నది, రెండోది అతని చేతి కోసం కాచుకున్నది. మొదటిదాని సంగతి ఒడ్డు మీదే, ఎర గుచ్చక ముందే, ప్లయర్‌తో నొక్కి చదును చేసి తేల్చుకోవచ్చు. అలా చేస్తే కొన్ని చేపలు తప్పించుకుపోతాయన్నది నిజమే. నా బొటనవేలిని తలచుకుంటే ఆ నష్టం నాకు పెద్దదిగా తోచదు.

రెండోదానికి కావలసింది దూరం. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే నోస్ ప్లయర్ ఇచ్చేది అదే. దాని పిడి ఇరుసు నుంచి 12 సెంటీమీటర్లు, ముక్కు 8 సెంటీమీటర్లు అనుకుంటే, మన పిడికిలి బలం ముక్కు కొనకు చేరేసరికి ఒకటిన్నర రెట్లే అవుతుంది. మామూలు కటింగ్ ప్లయర్ పొట్టి ముక్కు ఇంతకంటే గట్టిగా పట్టుకుంటుంది, కానీ దానితో పాటు మన వేళ్లు కూడా పళ్ల దాకా వెళతాయి. బలాన్ని కొంత వదులుకుని దూరాన్ని కొనుక్కోవడం ఇక్కడ లాభసాటి బేరం. అదే నోస్ ప్లయర్‌లో తీగ కత్తిరించే అంచు ఇరుసుకు ఒకటిన్నర సెంటీమీటరు దూరంలో ఉంటే అక్కడ బలం ఎనిమిది రెట్లు పలుకుతుంది. గాలపు ఉక్కును సైతం అక్కడ తెంచగలం. గాలాన్ని పట్టుకోవలసిన చోటు దాని వంపు. కాడను పట్టి ఎదురుగా గుంజితే మొన ఇంకా లోతుకు దిగుతుంది. వంపును పట్టి మణికట్టును తిప్పితే వచ్చిన దారినే వెనక్కి జారుతుంది.

చిన్న గాలాలకు ఆపరేషన్ గదుల్లో వాడే ఆర్టరీ ఫోర్సెప్స్, అంటే కత్తెరలాంటి పిడి ఉన్న పట్టకారు, ఇంకా మేలు. దాని పిడికి ఉన్న పళ్ల కొక్కేన్ని ఒకసారి బిగిస్తే మన పట్టు సడలినా అది వదలదు, కాబట్టి చేప కొట్టుకున్నా గాలం చేజారదు. నోరు తెరిచి ఉంచడానికి వంచిన స్ప్రింగు తీగలు కూడా దొరుకుతాయి. వాటి కొనలు నోటి మెత్తని పొరను చీల్చకుండా సైకిల్ వాల్‌ట్యూబ్ ముక్క తొడిగితే సరిపోతుంది.

ఈ పని అంతటికీ గడువు ఉంది. కొర్రమీను గాలి పీల్చగలదు గనుక బయట ఎక్కువసేపు తట్టుకుంటుంది. వాలుగకు ఆ సదుపాయం లేదు. పొడి గుడ్డతో పట్టుకుంటే ఒంటి మీది జిగురు ఊడిపోతుంది, సూక్ష్మజీవుల నుంచి చేపను కాపాడేది ఆ జిగురే. తడిచేత్తో, కడుపు కింద ఆసరా ఇచ్చి, వీలైతే నీటిలోనే ఉంచి గాలం తీయాలి. మన చేతికి గీత పడితే అప్పటికప్పుడు సబ్బుతో, శుభ్రమైన నీటితో బాగా కడగాలి. ఏరోమోనాస్ వంటి చెరువునీటి బ్యాక్టీరియాకు ఆ చిన్న గీత చాలు. ధనుర్వాతం టీకా గడువు చూసుకోవాలి, వాపు పెరిగితే వైద్యుడి దగ్గరికి వెళ్లాలి.

గాలం గొంతు దాటి దిగిపోతే ఎంత పొడవైన ప్లయరూ అక్కరకు రాదు. చేప గుండె మొప్పల వెనుకనే ఉంటుంది; అక్కడ తడుముతూ గుంజితే చేప బతకదు. నీటిలోకి వదిలే చేపైతే దారాన్ని గాలానికి వీలైనంత దగ్గరగా కత్తిరించి వదిలేయడమే మంచిది. కూరకు తీసుకెళ్లేదైతే కత్తిపీట దగ్గర నెమ్మదిగా తీసుకోవచ్చు, కానీ అప్పుడు కూడా వేలితో వద్దు. తల తెగిపడ్డాక కూడా ఆ పళ్లు గొంతువైపే వాలి ఉంటాయి.