బాయి ఈతగాడు ఓడలోకి దిగితే

పరకాల, నర్సంపేట దిక్కు ఊళ్లలో ఈతకు బడి బాయే. నడుముకు ఎండు సొరకాయ బుర్ర కట్టి దింపుతారు. బుర్ర విప్పాక అసలు పందెం: అడుగు ముట్టి గుప్పెడు మట్టి తెచ్చి చూపాలి. గెలిచేది ఊపిరి ఎక్కువసేపు బిగపట్టినవాడే. గాలి సిలిండర్ వీపున వేసుకుని సముద్రంలో మునిగిన ఓడను చూడబోయేవాడు ముందుగా మర్చిపోవాల్సింది సరిగ్గా ఆ విద్యనే.

సముద్రంలో ప్రతి 10 మీటర్లకూ ఒక వాతావరణ పీడనం తోడవుతుంది. బాయిలో మునిగేవాడు ఒడ్డున పీల్చిన గాలినే కిందికి తీసుకెళ్తాడు. 10 మీటర్ల దగ్గర అది సగానికి నలిగి, పైకి రాగానే మళ్లీ మామూలవుతుంది. సిలిండర్‌తో మునిగే స్కూబా డైవర్ మాత్రం ఆ లోతులోనే, ఆ పీడనంతోనే నిండుగా పీలుస్తాడు. బిగపట్టి పైకొస్తే ఆ గాలికి రెట్టింపు చోటు కావాలి. ఊపిరితిత్తి చిరుగుతుంది, బుడగలు రక్తంలో కలిసి మెదడుకు చేరతాయి. దీనికి ఒకటిన్నర మీటరు పైకి లేచినా చాలు. అందుకే సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ నోట్లో ఉన్నంతసేపూ ఊపిరి ఆడుతూనే ఉండాలి. నిమిషానికి 9 మీటర్లకు మించి లేవకూడదు, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగాలి.

ఇంకో తేడా ఉప్పు. హనుమకొండలో స్విమ్మింగ్ పూల్‌కు సరిపోయిన సీసం బరువు సముద్రంలో చాలదు. మనిషీ సామానూ కలిపి 100 కిలోలైతే మరో రెండున్నర కిలోలు కట్టాలి, లేకుంటే మునగరు.

మొదటి ఓడగా బాలి దీవిలో తులంబెన్ ఒడ్డునున్న లిబర్టీ మంచిది. 1942 జనవరిలో జపాన్ జలాంతర్గామి టార్పెడో తగిలిన ఈ అమెరికన్ సరుకు ఓడను ఒడ్డుకు ఎక్కించి వదిలేశారు. 1963లో అగుంగ్ అగ్నిపర్వతం పేలినప్పుడు నీళ్లలోకి జారింది. సుమారు 120 మీటర్ల ఓడ. పైభాగం 5 మీటర్ల దగ్గరే తగులుతుంది, కింది భాగం 30 మీటర్ల దాకా పోతుంది. గులకరాళ్ల ఒడ్డు నుంచి నడిచి దిగొచ్చు. లోతు పెరిగేకొద్దీ ఎరుపు మాయమవుతుంది. తుప్పు రేకు గీరుకుని వేలు తెగితే నెత్తురు ఆకుపచ్చగా కనబడుతుంది. టార్చి వేస్తేనే ఎర్రన.

బయట తిరిగి చూడటం వేరు, లోపలికి దూరడం వేరు. లోపల తలమీద ఇనుప కప్పు ఉంటుంది, నిట్టనిలువుగా పైకి లేవడం కుదరదు. కాబట్టి గాలి లెక్క ముందే వేయాలి. 12 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ (ఒక బార్ అంటే సుమారు ఒక వాతావరణ పీడనం) నింపితే 2,400 లీటర్లు. ఒడ్డున నిమిషానికి 20 లీటర్లు పీల్చేవాడికి 30 మీటర్ల దగ్గర, పీడనం నాలుగింతలు కాబట్టి, 80 కావాలి. మూడోవంతు సూత్రం ప్రకారం, 200లో మూడోవంతును కాస్త తగ్గించి, 60 బార్ లోపలికి, 60 బయటికి, 80 నిల్వ. ఆ 60 బార్ అంటే 9 నిమిషాలు, దిగడానికైన గాలి పోను ఇంకా తక్కువ. వెనక్కి తిరిగే చోటే తోడు వచ్చిన డైవర్ రెగ్యులేటర్ పాడైందనుకుందాం. మిగిలింది 140 బార్, అంటే 1,680 లీటర్లు. నిదానంగా పీలిస్తే ఇద్దరికీ పది నిమిషాలు వస్తుంది. భయంతో ఊపిరి రెట్టింపైతే ఐదే. ఒంటి సిలిండర్‌తో ఓడ లోపలికి పోవద్దని గట్టిగా చెప్పేది ఈ లెక్క చూసే. పైగా ఆ లోతున నైట్రోజన్ మత్తు మొదలవుతుంది, కూడికలే తప్పుతాయి.

గాలి తర్వాతి శత్రువు పూడిక. దశాబ్దాలుగా పేరుకున్న సన్నని ఒండ్రు కాలు ఆడిస్తే లేస్తుంది. డైవర్ వదిలిన బుడగలు తగిలి పైనుంచి తుప్పు రాలుతుంది. రెండు నిమిషాల్లో టార్చి వెలుగు పాలలో పడ్డట్టు. ఇక్కడ మాత్రం బాయి ఈతగాడే మేలు. కాళ్లను పైకీ కిందికీ కొడితే నీటి దెబ్బ నేలకు తగులుతుంది. మోకాళ్లు మడిచి కప్ప ఈత కొడితే అది వెనక్కిపోతుంది, పూడిక కదలదు. ఓడల్లో తిరిగేవాళ్లు పట్టుబట్టి నేర్చుకునేది ఈ ఈతే.

ఎంత జాగ్రత్తపడినా పూడిక లేస్తుందనే అనుకోవాలి. అందుకే తిరిగొచ్చే దారి కోసం రీలు నుంచి విప్పుకుంటూ పోయే తాడు. మొదటి ముడి బయట వెలుతురులో, రెండోది ద్వారం దాటగానే, పదునైన రేకుకు దూరంగా. టార్చీలు మూడు, వలదారం కోయడానికి ఒక కత్తి. కన్ను కనబడకపోతే బొటనవేలూ చూపుడువేలూ కలిపి తాడు చుట్టూ ఉంగరంలా పట్టాలి, గట్టిగా లాగకూడదు. రెండో చెయ్యి తలకు అడ్డం పెట్టుకుని, ముడి తగిలేదాకా మెల్లగా కదలాలి.