అంకెల యంత్రానికి అవకలనం నేర్పితే

గ్రాఫ్ గీసే క్యాలిక్యులేటర్ ఎక్స్³ అవకలజం (డెరివేటివ్, అంటే ఎక్స్ మారుతుంటే విలువ ఎంత వేగంగా మారుతుందో చెప్పేది) 3ఎక్స్² అని చెప్పకుండా ఒక అంకె మాత్రమే ఎందుకు చూపిస్తుందని ఒక పాఠకుడు అడిగారు. టీఐ-83 అనే గ్రాఫ్ క్యాలిక్యులేటర్‌లో, అవకలజం లెక్కించే ఎన్‌డెరివ్ ఆదేశానికి ఎక్స్³ ఇచ్చి, ఎక్స్ = 3 దగ్గర ఎంతో అడగండి. 27 రావాలి, 27.000001 వస్తుంది. అది సూత్రం వైపు చూడనే చూడదు. 3కి అటు 0.001, ఇటు 0.001 జరిగి, ఆ రెండు చోట్ల వచ్చిన విలువల తేడాను 0.002తో భాగిస్తుంది. పరమ మూల్యం (గుర్తు తీసేసిన విలువ, |ఎక్స్|) గ్రాఫుకు సున్నా దగ్గర మొన ఉంటుంది, అక్కడ అవకలజమే లేదు. అయినా ఈ పద్ధతి ధీమాగా 0 అనేస్తుంది!

సూత్రమే కావాలంటే ప్రోగ్రాం మనం రాసుకోవాలి. 1953లోనే కహ్రిమానియన్, నోలన్ అనే ఇద్దరు విద్యార్థులు విడివిడిగా, గదులు నిండే కంప్యూటర్ల మీద ఈ పని చేయించారు. 1987లో వచ్చిన హెచ్‌పీ-28సీ క్యాలిక్యులేటర్ చేతిలో పట్టేంత యంత్రంలోకి దాన్ని తెచ్చింది.

నాకు బాగా నచ్చిన ఉపాయం జంటలది. ప్రతి జంటలో మొదటిది ఒక సమాసం, రెండోది దాని అవకలజం. ఎక్స్² × సైన్ ఎక్స్‌ను, చేయాల్సిన పని గుర్తు (^, × లాంటివి) చివర వచ్చేలా "ఎక్స్, 2, ^, ఎక్స్, సైన్, ×" అని రాసుకోండి. ఇలా మార్చడానికి 1961 నాటి డైక్‌స్ట్రా పద్ధతి ఉంది, దాని దగ్గర ఆగను. ఇక ఎడమ నుంచి చదువుతూ పోవాలి. ఎక్స్ కనబడితే (ఎక్స్, 1) అనే జంటను స్టాక్ (చివర పెట్టినదే ముందు తీసే దొంతర) మీద పెట్టాలి. 2 కనబడితే (2, 0). ^ రాగానే పై రెండు జంటలూ తీసి (ఎక్స్², 2ఎక్స్) పెట్టాలి. తర్వాతి ఎక్స్ మళ్లీ (ఎక్స్, 1). సైన్ వస్తే అది (సైన్ ఎక్స్, కాస్ ఎక్స్ × 1) అవుతుంది. చివరి × దగ్గర "మొదటిదాని అవకలజం × రెండోది + మొదటిది × రెండోదాని అవకలజం" అని అతికిస్తే పని అయిపోయింది. చైన్ రూల్‌ను (ఒకదాని లోపల ఇంకొకటి ఉన్న సమాసాన్ని అవకలించే నియమాన్ని) విడిగా తలుచుకోవాల్సిన పనే లేదు. సైన్ లోపల ఏమున్నా దాని అవకలజం అప్పటికే జంటలో సిద్ధంగా ఉంటుంది. చైన్ రూల్ అంటే టెన్షన్ పడే పిల్లలతో ఈ స్టాక్‌ను ఒక్కసారి కాగితం మీద నడిపించాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. సూత్రం బట్టీ పడితే ఈ వరుస కనబడదు.

టీఐ-83లో స్ట్రింగులు (అక్షరాల వరుసలు దాచుకునే చోట్లు) పదే, వాటిని జాబితాలో పెట్టుకునే వీలు లేదు. అందుకని స్టాక్ మొత్తాన్ని ఒకే పొడవాటి స్ట్రింగుగా అతికించి, ఒక్కో ముక్క పొడవును ఎల్1 జాబితాలో రాసుకోవాలి. పై ముక్క కావాలంటే జాబితాలోని చివరి అంకె చూసి, కుడి నుంచి అన్ని అక్షరాలు కోయాలి. అవకలజాలకు ఇంకో స్ట్రింగు, ఎల్2. ఖాళీ స్ట్రింగుకు ఏదైనా కలపబోతే ఎర్రర్ వస్తుంది, కాబట్టి ముందు ఒక స్పేస్ పెట్టి మొదలుపెట్టాలి.

అసలు కష్టం సూక్ష్మీకరణలో, అంటే వచ్చిన జవాబును చిన్నది చేయడంలో ఉంది. "×1", "+0" ముక్కల్ని అతికించే ముందే ఏరేయొచ్చు. కానీ (ఎక్స్+1)² − ఎక్స్² − 2ఎక్స్ ఇస్తే 2(ఎక్స్+1) − 2ఎక్స్ − 2 వస్తుంది. అది సున్నా అని ప్రోగ్రాంకు తెలియదు. బ్రాకెట్లు విప్పడం నేర్పితే ఇది తీరుతుంది, అన్నీ తీరవు. సైన్, ఘాతాంక ప్రమేయం, పరమ మూల్యం లాంటివి కలిసిన సమాసం సున్నాయో కాదో ప్రతిసారీ తేల్చగల పద్ధతి ఉండదని 1968లో డేనియల్ రిచర్డ్‌సన్ నిరూపించారు. పైన వచ్చిన ఆ జవాబును మాత్రం గ్రాఫులో వేసి చూడండి, గీత వెళ్లి ఎక్స్ అక్షం మీదే పడుకుంటుంది.