నగను బోర్లించి చూస్తే

పాత నగ ఏదైనా కంసాలి చేతికిస్తే ఆయన ముందు దాన్ని బోర్లిస్తాడు. అతుకు ఎక్కడ పడింది, శీల ఎంత అరిగింది అన్నవి చూశాకే ముందువైపు పనితనం సంగతి. ఇంగ్లండ్‌లో ఆంగ్లో-శాక్సన్ కాలపు (దాదాపు 5 నుంచి 11వ శతాబ్దం దాకా) లోహపు వస్తువులను పరిశీలించే పురావస్తు శాస్త్రవేత్తలకూ అదే అలవాటు. మ్యూజియంలో మనకు కనిపించేది మాత్రం ఎప్పుడూ ముందువైపే.

బట్టలకు గుండీలు, కాజాలు లేని కాలం అది. 5, 6 శతాబ్దాల్లో ఆడవాళ్లు గొట్టంలాంటి పొడవాటి వస్త్రం తొడుక్కుని, రెండు భుజాల మీదా చెరొక బ్రోచ్ గుచ్చుకునేవారు. ఆ రెంటి మధ్య పూసల దండ వేలాడేది. మన పిన్నీసు చేసే పనే, కాకపోతే అందరికీ కనబడేలా చేసిన పిన్నీసు. అలాగే అలంకరించి పాతిపెట్టారు కాబట్టి సమాధుల్లో అవి భుజాల దగ్గరే దొరుకుతాయి.

బట్ట ఎప్పుడో మట్టిలో కలిసిపోయింది. కానీ బ్రోచ్ వెనక, సూది చుట్టూ, ఓ చిన్న ముక్క మిగులుతుంది. ఇనుప సూది తుప్పు పడుతూ ఆ తుప్పే దారపు పోగుల్లోకి దిగి, పోగు పోయినా దాని రూపం నిలుపుతుంది. కంచు చిలుము ఇంకో మేలు చేస్తుంది. రాగి లవణాలు సూక్ష్మజీవులకు విషం కాబట్టి బట్టను కుళ్లనివ్వవు. మైక్రోస్కోప్ కింద పెడితే అది సాదా నేతా, ఏటవాలు గీతల ట్విల్ నేతా, దారం ఏ వైపు వడికారు అన్నవి తెలుస్తాయి. మన ఇళ్లలో పాత ఇత్తడి చెంబు దొరికితే చింతపండు పెట్టి తోమేస్తాం. ఇక్కడ ఆ పని చేస్తే పదిహేను వందల ఏళ్ల నాటి బట్ట కాలవలో పోసినట్టే.

ఇక రాళ్ల సంగతి. 1939లో తూర్పు ఇంగ్లండ్‌లోని సటన్ హూలో, సమాధిగా నేలలో పాతిన ఓడలో, ఒక జత భుజం క్లాస్పులు (భుజాల మీద దుస్తులను కలిపి పట్టే బిగింపులు) దొరికాయి. బంగారంతో చిన్న చిన్న గళ్లు కట్టి, ఒక్కో గడిలో పలచగా కోసిన ఎర్రటి గార్నెట్ పలక బిగించారు. వెనకవైపు వాటిని దళసరి దుస్తులకు కుట్టుకోవడానికి చిన్న రింగులున్నాయి. గార్నెట్ పలకను ఉత్తగా పెడితే నల్లగా, చచ్చుగా కనిపిస్తుంది. అందుకే దాని అడుగున సన్నటి గళ్ల నొక్కు వేసిన బంగారు రేకు పరిచారు. వెలుగు రాయిలోంచి దిగి, రేకు మీద పడి, వెయ్యి ముక్కలై తిరిగొస్తుంది. మన పాత కెంపుల నగల్లో రాయి కింద రేకు వేసేదీ ఈ మెరుపు కోసమే.

ఆ కాలపు యూరప్ నగల్లో ఈ రాళ్లు చాలావరకు భారత్, శ్రీలంకల నుంచి వెళ్లినవని రసాయన పరీక్షలు చెబుతున్నాయి. ప్రోటాన్ల పుంజం తగిలితే రాయిలోని మూలకాలు ఎక్స్-కిరణాలు వదులుతాయి. వాటిని బట్టి ఏ గని రాయో పోల్చుకోవచ్చు. ఈ రాళ్ల పరిశోధనలో మన కొత్తగూడెం దగ్గరి గరీబ్‌పేట కూడా ఉంది. పుదుచ్చేరి పక్కన అరికమేడు అనే పాత రేవులో దొరికిన గార్నెట్ పూసల మూలం గరీబ్‌పేటేనని 2017లో తేలింది. సటన్ హూ రాళ్లూ మనవే అనడం మాత్రం తొందరపాటు. రాజస్థాన్ రాయి కూడా అటు చాలా వెళ్లింది.

బంగారం, రాళ్లు అలా ఉంచితే, పొలాల్లో మెటల్ డిటెక్టర్ పట్టుకు తిరిగేవాళ్లకు తరచూ దొరికేది బెల్టు కొసకు వేసే చిన్న తొడుగు. వేలెడంత ఉంటుంది. ఒక చివర జంతువు మొహం, రెండో చివర చీలిక, అందులో రెండు రివెట్లు. 9వ శతాబ్దపువి వేల సంఖ్యలో బయటపడ్డాయి. విడిగా దొరికే ఇలాంటి రాగి మిశ్రమపు ముక్కకు మామూలుగా, దొరికింది అధికారులకు చెప్పి తీరాలనే అక్కడి నిధి చట్టం వర్తించదు. అయినా చాలామంది తమంతట తామే తెచ్చి చూపిస్తారు. 1997లో మొదలైన పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్ అనే నమోదు పథకంలో ఇలా నమోదైన రకరకాల వస్తువులు 15 లక్షలు దాటాయి. గుప్త నిధుల పేరుతో గుడి గర్భాలయాలు తవ్వేసే వార్తలు చదివే మనకు ఇది వింతే. దొరికిన చోటు రాసుకోకపోతే ఆ తొడుగు వట్టి లోహం. రాసుకుంటే, ఏ పొలంలో ఒకప్పుడు జనం మసిలారో చెప్పే ఆనవాలు.

అన్నిటికంటే నాకు నచ్చింది నార్విచ్ దగ్గర హార్‌ఫర్డ్ ఫార్మ్ శ్మశానంలో దొరికిన 7వ శతాబ్దపు బ్రోచ్. గుండ్రంగా, ముందువైపు బంగారం, గార్నెట్లు. వాడగా వాడగా పాడైతే బాగు చేయించిన గుర్తులున్నాయి. వెనక్కి తిప్పితే రూనిక్ లిపిలో (ఉత్తర యూరప్ జనం వాడిన పాత లిపి) గీకిన ఓ చిన్న వాక్యం. ఎక్కువమంది పండితులు దాన్ని చదివేది ఇలా: "లూడా ఈ బ్రోచ్‌ను బాగు చేశాడు". పెట్టుకున్నప్పుడు ఆ అక్షరాలు బట్టకు ఆనుకుని ఉంటాయి, ఎవరికీ కనబడవు.