హీలియం గుంటూరులో దొరికిందా? అసలు కాగితాలు తిరగేస్తే…

ఆగస్టు 18 దగ్గర పడితే చాలు, ఫోన్లలో ఒక సందేశం తిరగడం మొదలవుతుంది. 1868లో సరిగ్గా ఆ రోజున జాన్సెన్ అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త గుంటూరులో సంపూర్ణ సూర్యగ్రహణం చూస్తూ హీలియాన్ని కనుక్కున్నాడట. మనవాళ్లు మురిసిపోయి పదిమందికీ పంపుతారు. ఒకప్పుడు ఈ మాటలో నిజమెంతో తేల్చుకోవాలంటే పారిస్‌లోనో లండన్‌లోనో పాత గ్రంథాలయాల గడప తొక్కాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ అవసరం లేదు. ఆనాటి కాగితాలు చాలావరకు స్కాన్ చేసి నెట్లో పెట్టారు, అదీ ఉచితంగా.

ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయానికి ‘గాలికా’ అనే డిజిటల్ భాండాగారం ఉంది. ఫ్రెంచి సైన్స్ అకాడమీ 1835 నుంచి వారం వారం అచ్చువేసిన సమావేశ నివేదికలు అందులో దొరుకుతాయి. 67వ సంపుటం తెరిచి 838వ పేజీకి వెళ్తే జాన్సెన్ పంపిన ఉత్తరం ఉంటుంది. శీర్షిక దగ్గరే ఆగిపోతాం: ఆగస్టు గ్రహణం సమయంలోనూ ఆ తర్వాతా కాకినాడలో వచ్చిన ఫలితాలు అని ఉంది. మరి గుంటూరేమైంది? ఏమీ కాలేదు. గ్రహణం చూసింది గుంటూరులోనే, ఉత్తరం రాసింది మాత్రం నెల తర్వాత కాకినాడ నుంచి. రెండింటినీ అచ్చులో కలిపేసినట్టున్నారు. అసలు పత్రమే కదా అని కళ్లు మూసుకుని నమ్మకూడదని మొదటి పేజీలోనే తెలిసిపోతుంది.

ఇక ఉత్తరంలో ఏముంది? కొత్త మూలకం ఊసే లేదు. గ్రహణం వేళ చంద్రబింబం అంచు దాటి ఎర్రగా ఎగసే జ్వాలలుంటాయి, వాటినే ప్రామినెన్సులు అంటారు. అవేమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. జాన్సెన్ వాటి వెలుగును, రంగులుగా విడదీసి చూపే స్పెక్ట్రోస్కోపులో చూస్తే విడివిడిగా మెరిసే గీతలు కనిపించాయి. వేడెక్కి వెలిగే వాయువులే ఇలా గీతలిస్తాయి, ఒక్కో మూలకానికీ దాని సొంత గీతలుంటాయి. అంటే అవి వేడికి వెలుగుతున్న వాయువులు, ముఖ్యంగా హైడ్రోజన్. ఆ గీతల కాంతి ఎంత గట్టిగా ఉందంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడొచ్చు కదా అని ఆయనకు అప్పుడే తట్టింది. మర్నాడు పొద్దున్నే స్పెక్ట్రోస్కోపును సూర్యుడి అంచుకు గురిపెట్టాడు. గీతలు కనిపించాయి.

ఇది ఎలా సాధ్యం? మామూలు రోజున ప్రామినెన్సులు కనిపించకపోవడానికి కారణం ఆకాశమంతా పరుచుకున్న ఎండ వెలుగు. స్పెక్ట్రోస్కోపు ఆ వెలుగును ఎరుపు నుంచి ఊదా దాకా సాగదీస్తుంది. గరిటెడు పిండిని పెద్ద పెనం మీద తిప్పితే దోసె పలచబడ్డట్టు, సాగదీసేకొద్దీ అది బలహీనపడుతుంది. ప్రామినెన్సు వెలుగు మాత్రం నాలుగైదు రంగుల్లోనే పోగుపడి ఉంటుంది. ఎంత సాగదీసినా ఆ గీతలు ఒకదానికొకటి దూరం జరుగుతాయే తప్ప పలచబడవు. దానితో అంతవరకు ఏళ్లకొకసారి నాలుగైదు నిమిషాలు మాత్రమే దక్కే దృశ్యం రోజూ అందుబాటులోకి వచ్చింది. సెప్టెంబరు మొదటి వారం దాకా జాన్సెన్ రోజూ ఇదే పని మీద ఉన్నాడు. నన్నడిగితే గుంటూరు గర్వపడాల్సింది దీనికి.

ఇంగ్లండులో నార్మన్ లాకియర్ అనే ఖగోళ శాస్త్రవేత్త అదే పద్ధతిని సొంతంగా ఆలోచించి, గ్రహణంతో పని లేకుండా అక్టోబరు 20న ప్రామినెన్సు గీతల్ని చూశాడు. ఇద్దరి కబురూ అక్టోబరు 26న ఒకే సమావేశంలో పారిస్ అకాడమీ ముందుకు వచ్చింది. తర్వాత 1872లో ఇద్దరి ముఖాలూ పక్కపక్కన చెక్కి పతకం వేశారు. ఆ పతకం కూడా ప్రామినెన్సుల విశ్లేషణ గురించే మాట్లాడుతుంది, హీలియం గురించి కాదు.

మరి హీలియం ఎక్కడిది? గ్రహణం రోజున చాలామందికి పసుపు రంగులో ఒక గీత కనిపించింది. గుంటూరులోనే మకాం వేసిన బ్రిటిష్ బృందం నాయకుడు టెనెంట్ చూశాడు, మచిలీపట్నంలో మద్రాసు వేధశాల ఖగోళవేత్త పాగ్సన్ చూశాడు. పసుపు అనగానే అందరికీ గుర్తొచ్చేది సోడియం. దాని జంట గీతల పేరు ‘డి’. కాబట్టి ఎక్కువమంది ఇదీ అదే అనుకున్నారు. సోడియం గీతలు 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర ఉంటే కొత్త గీత 587.6 దగ్గర ఉంది. ఆకాశం చీకటిపడ్డ ఆ కొద్ది నిమిషాల హడావుడిలో అంత చిన్న తేడా పట్టుకోవడం కష్టం. రోజూ తీరిగ్గా చూసే వీలు చిక్కాక, ఇది ‘డి’ కాదు, దాని పక్కది అని లాకియర్ తేల్చాడు. రసాయన శాస్త్రవేత్త ఫ్రాంక్‌లాండ్‌తో కలిసి ప్రయోగశాలలో హైడ్రోజన్ నుంచి ఆ గీతను రప్పించాలని చూస్తే రాలేదు. అంటే అది ఇంకా తెలియని మూలకానిది కావచ్చు. 1871లో భౌతిక శాస్త్రవేత్త విలియం థామ్సన్ ఒక ప్రసంగంలో దానికి హీలియం అనే పేరు పలికాడు. భూమ్మీద అది రసాయన శాస్త్రవేత్త విలియం రామ్సే చేతికి చిక్కింది 1895లో, క్లీవైట్ అనే యురేనియం ఖనిజాన్ని ఆమ్లంలో వేసినప్పుడు.

ఇప్పుడు చెప్పండి, కనుక్కున్నది ఎవరు, ఎప్పుడు? గీతను చూసి సోడియం అనుకున్నవాళ్లా? వేరే అని తేల్చిన లాకియరా? వాయువును పట్టి చూపిన రామ్సేనా? ఇక్కడ చరిత్ర పని అయిపోయి తత్వశాస్త్రం పని మొదలవుతుంది. సరిగ్గా ఇలాంటి చిక్కునే సైన్సు చరిత్రకారుడు థామస్ కూన్ 1962లో ఆక్సిజన్ విషయంలో లేవనెత్తాడు. ఫలానా రోజు, ఫలానా మనిషి అని వేలెత్తి చూపగలిగేది కాదు ఆవిష్కరణ, ఏదో ఉందని గ్రహించడం, అదేమిటో గ్రహించడం రెండూ కలిసి కొంతకాలం సాగే వ్యవహారం అన్నాడు. దీని గురించి మరింత లోతుగా చదవాలంటే 1995లో మొదలైన స్టాన్‌ఫర్డ్ తత్వశాస్త్ర విజ్ఞాన సర్వస్వాన్ని మించింది నాకు కనబడలేదు. ఒక్కో వ్యాసాన్ని ఆ రంగంలో పండినవాళ్లే రాస్తారు, ఇతర నిపుణులు సరిచూస్తారు. వ్యాసాల పాత కూర్పుల్ని కూడా విడిగా భద్రపరుస్తారు. ‘శాస్త్రీయ ఆవిష్కరణ’ మీదా, పరిశీలనకూ సిద్ధాంతానికీ ఉన్న లంకె మీదా ఉన్న వ్యాసాలు చదివి మళ్లీ పాగ్సన్ దగ్గరికి వస్తే, పసుపు గీత కంటికి కనబడినా కొత్తదిగా ఎందుకు తోచలేదో అర్థమవుతుంది. ఆ వ్యాసాలు సులభంగా నడవవు, ఒక్కసారి కూర్చుంటే అయ్యే పని కాదు.

ఇతర నిధుల్లో ఖగోళానికి నాసా వాళ్ల ఏడీఎస్ అనే పరిశోధన పత్రాల భాండాగారం ఉంది, అందులో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పాత సంచికలు పేజీ పేజీ కనిపిస్తాయి. రాయల్ సొసైటీ కూడా డెబ్బై ఏళ్లు దాటిన పత్రాలన్నీ ఉచితంగా తెరిచింది. డార్విన్ ఉత్తరాలకు కేంబ్రిడ్జి ప్రాజెక్టు, న్యూటన్ రసవాద రాతలకూ మత రాతలకూ వేరే ప్రాజెక్టులు ఉన్నాయి. మద్రాసు వేధశాల కాగితాల కోసం బెంగళూరులోని ఖగోళ భౌతిక సంస్థ భాండాగారం చూడొచ్చు. వెతికేటప్పుడు ఒక జాగ్రత్త: మన ఊళ్ల పేర్లను ఇప్పటి స్పెల్లింగుతో కొడితే ఏమీ రాదు. గుంటూరును రెండు ‘o’లతో ‘Guntoor’ అనీ, మచిలీపట్నాన్ని ‘మసూలిపటం’ (Masulipatam) అనీ, కాకినాడను ‘కోకనాడా’ (Cocanada) అనీ వెతకాలి. ఫ్రెంచి రాదని వెనక్కి తగ్గనక్కర్లేదు, యంత్రానువాదం ఈ రకం నివేదికలకు బాగానే సరిపోతుంది.

గ్రహణం అక్కర్లేదని చూపించిన జాన్సెన్ గ్రహణాల్ని వదిలిపెట్టాడా అంటే, లేదు. 1870 డిసెంబరులో జర్మన్ సేనలు పారిస్‌ను ముట్టడించి ఉంటే బెలూన్ ఎక్కి బయటపడి అల్జీరియా చేరాడు. తీరా అక్కడ మబ్బు పట్టింది. మరుసటి ఏడాది డిసెంబరు 12న మళ్లీ మన దక్షిణాదికే, ఈసారి నీలగిరి కొండలకు వచ్చాడు. ఎందుకంటే సూర్యుడి చుట్టూ ఉండే పలచని కాంతివలయం, కరోనా, ఆయన పద్ధతికి లొంగలేదు. దాన్ని చూడాలంటే అప్పటికి చంద్రుడు అడ్డం రావాల్సిందే.