సిగ్నల్ అందని ఊళ్లు, లెక్క చెప్పని కంపెనీలు: ఒక తగాదా పూర్వాపరాలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఫోన్ సిగ్నల్ మీద జరిగే వాదన ఏళ్ల తరబడి ఒకేచోట తిరుగుతోంది. మాట మధ్యలో తెగిపోతోందని నెట్‌వర్క్ కంపెనీకి ఫిర్యాదు చేస్తే, ముందు మీ హ్యాండ్‌సెట్ చూపించుకోండి అంటారు. హ్యాండ్‌సెట్ పట్టుకుని సర్వీస్ సెంటర్‌కు వెళితే, ఇందులో లోపమేమీ లేదు, మీ ఊళ్లో టవర్ సరిగా లేదంటారు. ఇద్దరిలో ఎవరి మాట నిజమో తేల్చగల కొలత మాత్రం డబ్బు కట్టిన మనిషి చేతిలో లేదు. తెర మీద సిగ్నల్ గీతలు ఎన్ని కనిపించాలో ఫోన్ తయారీదారు నిర్ణయిస్తాడు, సేవ ఎంత బాగుందో చెప్పే సగటును నెట్‌వర్క్ కంపెనీ లెక్కగడుతుంది. ఉత్తరాంధ్రలో ఈ తగాదా ఇంతగా ముదరడానికి కొండలూ తుఫానులూ కొంత కారణమైతే, దాదాపు ముప్పై ఏళ్ల కిందట రాసుకున్న లైసెన్సు షరతులు అంతకంటే పెద్ద కారణం.

దేశంలో మొదటి మొబైల్ సంభాషణ 1995 జూలై 31న కోల్‌కతా నుంచి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు, ఢిల్లీ నుంచి కేంద్ర మంత్రి సుఖ్‌రామ్ మాట్లాడుకున్నప్పుడు జరిగింది. ఆ తరువాత దేశాన్ని టెలికాం సర్కిళ్లుగా విభజించి ప్రైవేటు కంపెనీలకు లైసెన్సులు ఇచ్చారు. అప్పటి 23 జిల్లాల ఆంధ్రప్రదేశ్ మొత్తం ఒకే సర్కిల్. రాష్ట్రం విడిపోయిన తరువాత కూడా తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ టెలికాం లెక్కల్లో ఒకే సర్కిల్‌గా ఉండిపోయాయి. ఆనాటి సెల్యులార్ లైసెన్సు షరతుల ప్రకారం కంపెనీ మొదటి ఏడాదిలో పది శాతం జిల్లా కేంద్రాల్లో, మూడేళ్లలో సగం జిల్లా కేంద్రాల్లో సేవ అందిస్తే చాలు. జిల్లా కేంద్రానికి బదులు ఆ జిల్లాలోని మరో పట్టణాన్నయినా ఎంచుకోవచ్చు. పురపాలక సంఘం హద్దుల్లోని విస్తీర్ణంలో 90 శాతానికి సిగ్నల్ అందితే ఆ పట్టణం పూర్తయినట్టే. గ్రామీణ ప్రాంతాలకు తప్పనిసరిగా సేవ అందించాలన్న నిబంధన లేదు. అంటే 23 జిల్లాల్లో ఏవో 12 చూసుకున్న కంపెనీ శ్రీకాకుళం వైపు కన్నెత్తి చూడకపోయినా షరతు తప్పినట్టు కాదు. పాలకొండ దాటాక ఫోన్ ఎందుకు మూగబోయేదన్న ప్రశ్నకు మొదటి జవాబు ఈ కాగితంలోనే ఉంది.

మొదట్లో దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. వచ్చిన ఫోన్ ఎత్తినా డబ్బు కట్టాల్సిన రోజుల్లో సెల్‌ఫోన్ అన్నది గుత్తేదార్లకూ పెద్ద వ్యాపారులకూ చెందిన వస్తువు. 2002 అక్టోబరులో బీఎస్ఎన్ఎల్ మొబైల్ సేవ మొదలుపెట్టడం, 2003 మే నుంచి ఇన్‌కమింగ్ ఉచితం కావడం, అదే ఏడాది నోకియా 1100 వంటి చవక ఫోన్లు మార్కెట్లోకి రావడం ఒకదాని వెంట ఒకటి జరిగి పరిస్థితిని మార్చేశాయి. ఈ జిల్లాల్లో ఆ మార్పుకు వలస మరింత ఊపునిచ్చింది. ఉద్దానం నుంచి హైదరాబాద్, చెన్నై నిర్మాణ పనులకు వెళ్లినవారి ఇళ్లలో, తీరం నుంచి గుజరాత్‌లోని వెరావల్ దాకా చేపల వేటకు పోయే మత్స్యకారుల ఇళ్లలో ఫోన్ విలాసంగా కాక కుటుంబాన్ని కలిపి ఉంచే సాధనంగా అడుగుపెట్టింది. అటువంటి ఇంట్లో ఫోన్ కలవకపోతే అది అసౌకర్యంగా మిగలదు, భయంగా మారుతుంది.

ఇక్కడి భూమి రేడియో తరంగాలకు అనుకూలమైనది కాదు. పశ్చిమాన తూర్పు కనుమలు, వాటి లోయల్లో సవర, జాతాపు గూడేలు. తూర్పున ఇసుక నేలలో దట్టమైన కొబ్బరి, జీడి తోటలు. ఉత్తరాన ఇచ్ఛాపురం, మందస వైపు ఒడిశా సరిహద్దు ఆనుకుని ఉండటంతో, సొంత సర్కిల్ టవర్ బలహీనంగా ఉన్న చోట ఫోన్ అవతలి సర్కిల్ టవర్‌ను పట్టుకుంటుంది. తరంగ పౌనఃపున్యం పెరిగేకొద్దీ అది నడిచే దూరం తగ్గుతుంది. మిగిలినవన్నీ సమానంగా ఉంటే, 900 మెగాహెర్ట్జ్ తరంగంతో పోల్చినప్పుడు 1800 మెగాహెర్ట్జ్ తరంగంలో అదే దూరానికి చేరే శక్తి నాలుగో వంతే. గోడలు, ఆకులు, కొండ అంచులు దాటే శక్తి కూడా పై పౌనఃపున్యాలకు తక్కువ. పాత రెండో తరం ఫోన్ 900లో మాట్లాడిన ఊళ్లోనే, కొత్త 4జీ ఫోన్ 1800లోనో 2300లోనో తడుముకుంటే అది వింతేమీ కాదు. పెంకుటింట్లో పలికిన ఫోన్ ఇనుప కడ్డీలతో పోసిన స్లాబు ఇంట్లో పలకకపోవడానికి కారణమూ కొంతవరకు ఇటువంటిదే. అయితే నెట్‌వర్క్ కంపెనీలు ఈ భౌతికశాస్త్రాన్ని వివరించినంత ఉత్సాహంగా, ఏ ఊళ్లో ఏ పౌనఃపున్యంలో సేవ ఇస్తున్నదీ చెప్పిన సందర్భాలు తక్కువ.

ఇక ఫోన్ తయారీదార్ల వంతు. ఒకప్పుడు యాంటెన్నా ఫోన్ నెత్తిన కొమ్ములా పైకి కనిపించేది. 1999లో వచ్చిన నోకియా 3210 వంటి ఫోన్లతో అది లోపలికి వెళ్లింది. చూపులకు ఫోన్ అందంగా తయారైంది కానీ, అప్పటి నుంచి మనిషి చెయ్యి యాంటెన్నాను కప్పేయడం మామూలైపోయింది. ఈ విషయం ప్రపంచానికంతటికీ తెలిసి రచ్చకెక్కింది 2010లో. ఆ ఏడాది జూన్ 24న అమెరికాలో అమ్మకానికి వచ్చిన ఐఫోన్ 4లో, అంచు చుట్టూ ఉన్న స్టీలు పట్టీనే యాంటెన్నాగా వాడారు. ఎడమవైపు కింది భాగంలో పట్టీల మధ్య ఉన్న సన్నని ఖాళీని అరచెయ్యి తాకితే సిగ్నల్ పడిపోయేది. ఫిర్యాదు చేసిన ఒక వినియోగదారుకు, అలా పట్టుకోవడం మానుకోండి అన్న అర్థంలో ఆపిల్ అధినేత స్టీవ్ జాబ్స్ స్వయంగా జవాబిచ్చారు. డబ్బిచ్చి కొన్న వస్తువును ఎలా పట్టుకోవాలో కూడా కంపెనీయే నేర్పుతుందన్నమాట.

ఆ వివాదంలో అసలు ముఖ్యమైన సంగతి చెయ్యి పెట్టడం కాదు. జూలై 2న ఆపిల్ విడుదల చేసిన బహిరంగ లేఖలో, గీతలను లెక్కించే తమ సూత్రమే పూర్తిగా తప్పని, చాలా సందర్భాల్లో ఉండవలసిన దానికంటే రెండు గీతలు ఎక్కువ చూపిస్తోందని ఒప్పుకుంది. అప్పట్లో జరిపిన స్వతంత్ర పరీక్షల్లో, డీబీఎం (సిగ్నల్ శక్తికి కొలమానం) లెక్కన మైనస్ 51 నుంచి మైనస్ 91 దాకా, అంటే శక్తిలో పదివేల రెట్ల తేడా ఉన్న మొత్తం పరిధికి ఫోన్ ఐదు గీతలే చూపేదని, మిగిలిన నాలుగు మెట్లూ ఆ కింద ఇరుకుగా సర్దుకున్నాయని తేలింది. ఫోన్‌ను గట్టిగా పట్టుకుంటే సుమారు 24 డెసిబెల్స్ దాకా, అంటే దాదాపు 250 రెట్లు, సిగ్నల్ తగ్గేది. టవర్ పక్కన నిలబడ్డ మనిషికి ఆ నష్టం తెలియదు, ఐదు గీతలూ అలాగే ఉంటాయి. టవర్‌కు దూరంగా ఉన్నవాడికి మాత్రం గీతలన్నీ ఒక్కసారిగా మాయమవుతాయి. ఆ ఫోన్‌ను సిఫారసు చేయలేమని, అమెరికాలో వస్తువులను పరీక్షించి చెప్పే కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ జూలై 12న ప్రకటించింది. నాలుగు రోజులకు విలేఖరుల సమావేశం పెట్టి, అన్ని స్మార్ట్‌ఫోన్లలోనూ ఈ బలహీనత ఉందని జాబ్స్ వాదించి, అంచులకు తొడిగే రబ్బరు కవచాన్ని ఉచితంగా ఇస్తామన్నారు. 2012లో కుదిరిన న్యాయస్థానపు రాజీలో అమెరికా కొనుగోలుదారుకు దక్కింది 15 డాలర్లు, లేదా అదే కవచం. ఐదు గీతలకు అర్థం ఏమిటో అన్ని కంపెనీలకూ ఒకే నిర్వచనం పెట్టాలన్న ఆలోచన మాత్రం ఆ రాజీలో ఎక్కడా లేదు. ఈనాటికీ ఒకే గదిలో పక్కపక్కన పెట్టిన రెండు కంపెనీల ఫోన్లు, ఒకే సిమ్‌తో, వేర్వేరు గీతలు చూపించగలవు.

మన దేశంలో కోపం ఫోన్ మీద కంటే నెట్‌వర్క్ మీదకే ఎక్కువగా మళ్లింది. 2011 జనవరి 20 నుంచి నంబరు మారకుండా కంపెనీ మారే వీలు దేశమంతటా వచ్చింది. రెండు మూడు కంపెనీల టవర్లున్న పట్టణాల్లో అది నిజంగానే పనికొచ్చింది. ఒకే టవరున్న పల్లెలో కంపెనీ మారి వెళ్లడానికి వేరే చోటేది? 2015 అక్టోబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఇంకో అడుగు వేసి, తెగిపోయిన ప్రతి కాల్‌కూ రూపాయి చొప్పున, రోజుకు మూడు రూపాయలకు మించకుండా, వినియోగదారు ఖాతాలో జమ చేయాలని ఆదేశించింది. 2016 జనవరి 1 నుంచి అమలు కావలసిన ఆ నిబంధనను సుప్రీంకోర్టు 2016 మే 11న కొట్టివేసింది. కాల్ తెగిపోవడంలో సగటున 36.9 శాతం వినియోగదారు వైపు కారణాల వల్లేనని ట్రాయ్ సొంత సాంకేతిక పత్రమే చెబుతున్నప్పుడు, ప్రతి కాల్‌కూ కంపెనీయే ఎలా బాధ్యత వహిస్తుందని ధర్మాసనం ప్రశ్నించింది. కాల్ డ్రాప్‌లు రెండు శాతానికి మించకూడదన్న ప్రమాణాన్ని పాటిస్తున్న కంపెనీకి మళ్లీ జరిమానా ఏమిటన్నది మరో అభ్యంతరం. న్యాయసూత్రం ప్రకారం ఆ తీర్పును తప్పుపట్టడం కష్టం. కానీ ఆ రెండు శాతం అప్పట్లో సర్కిల్ మొత్తానికి తీసిన సగటు. హైదరాబాద్, విజయవాడల కాల్స్ కలిసిన సగటులో సీతంపేట కొండల మీద తెగిపోయిన మాటలు ఎక్కడా కనిపించేవి కావు. కంపెనీ ప్రమాణాన్ని పాటించినట్టే ఉండేది, కొండమీద ఫోన్ మోగకుండానే ఉండేది.

2016 సెప్టెంబరు 5న జియో రాకతో డేటా ధరలు నేలకు దిగాయి కానీ గందరగోళం తగ్గలేదు. కంపెనీల మధ్య అనుసంధాన మార్గాలు చాలక కాల్స్ కలవని ఆ రోజుల్లో, ఎయిర్‌టెల్, వొడాఫోన్, ఐడియాలపై కలిపి 3,050 కోట్ల రూపాయల జరిమానాకు ట్రాయ్ సిఫారసు చేసింది. 4జీ ఉన్నా వోల్టే, అంటే 4జీ మీదే మాట్లాడే సౌకర్యం, లేని ఫోన్లలో జియో సిమ్‌తో మాట్లాడాలంటే ప్రత్యేక యాప్ కావలసి వచ్చింది. 2022 అక్టోబరు 1న 5జీ ప్రారంభమైనప్పుడూ ఇదే వరస: 5జీ ఫోన్ అన్న పేరుతో అంతకు ముందే అమ్మిన చాలా సెట్లు, తయారీదారు సాఫ్ట్‌వేర్ పంపేదాకా 5జీని అందుకోలేకపోయాయి. ఐఫోన్లకు ఆ సాఫ్ట్‌వేర్ డిసెంబరులో గాని రాలేదు.

ఉత్తరాంధ్రలో ఈ వాదనలన్నింటినీ అక్టోబరు తుఫాన్ల కాలం పరీక్షిస్తూనే ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ వద్ద తీరం దాటి విజయనగరాన్నీ కుదిపింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ, ఉద్దానంలో తోటలతోపాటు కరెంటు స్తంభాలనూ నేలకూల్చింది. టవర్ నిలబడి ఉన్నా కరెంటు లేకపోతే అది బ్యాటరీల మీద కొన్ని గంటలే పలుకుతుంది. ఆ తరువాత డీజిల్ రావాలి, డీజిల్ రావడానికి దారి తెరుచుకోవాలి. విపత్తు వేళ ఏ కంపెనీ సిమ్ అయినా అందుబాటులో ఉన్న ఏ టవరునైనా వాడుకునేలా చేసే ఏర్పాటు తరువాతి సంవత్సరాల్లో అలవాటులోకి వచ్చింది. అంటే సాంకేతికంగా అది సాధ్యమేనన్న మాట. మామూలు రోజుల్లో దానికి అడ్డం పడేది వ్యాపారం.

సిగ్నల్ లేకపోవడం ఇంతలో మాటలకే పరిమితమైన ఇబ్బందిగా మిగల్లేదు. రేషన్ డిపోలో వేలిముద్ర పడాలంటే ఈపాస్ యంత్రానికి సిగ్నల్ కావాలి. 2020లో బడులు మూతబడి పాఠాలు ఫోన్‌లోకి వచ్చినప్పుడు, కొండ ఊళ్ల పిల్లలకు పాఠం కంటే ముందు సిగ్నల్ వెతుక్కోవలసి వచ్చింది. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనుల్లో హాజరును రోజుకు రెండుసార్లు ఫొటోలతో యాప్‌లో నమోదు చేయడం తప్పనిసరి అయింది. పలుగూ పార పట్టి పనిచేసినవారి కూలి, అక్కడ సిగ్నల్ ఇవ్వాలన్న బాధ్యత లేని కంపెనీ చేతికి చిక్కింది. ప్రభుత్వ సేవలను ఫోన్‌కు ముడిపెట్టడంలో చూపిన తొందర, ఆ ఫోన్‌కు సిగ్నల్ అందించడంలో కనిపించలేదన్నది కఠినమైన మాటే అయినా అబద్ధం కాదు.

కంపెనీలు తమంతట తాము కొండెక్కవని ప్రభుత్వానికి తెలియక కాదు. వాటి ఆదాయంలో ఐదు శాతం సార్వత్రిక సేవా నిధికి మళ్లించే పద్ధతి 2002 నాటిది. ఆ నిధితో 2021 నవంబరులో ఐదు రాష్ట్రాల ఆకాంక్షిత జిల్లాల్లోని (వెనుకబడినవిగా కేంద్రం గుర్తించిన జిల్లాలు) 7,287 గ్రామాలకు 4జీ అందించే పథకాన్ని కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. ఆ రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, ఆ జిల్లాల్లో విజయనగరం ఉన్నాయి. 2022 జూలైలో సేవ లేని 24,680 గ్రామాల కోసం 26,316 కోట్ల రూపాయలతో మరో పథకం వచ్చింది, దాన్ని బీఎస్ఎన్ఎల్‌కు అప్పగించారు. ఈ రెండు నిర్ణయాల మధ్యలో, 2022 ఏప్రిల్ 4న, సాలూరు, కురుపాం కొండలు విజయనగరం నుంచి, సీతంపేట కొండలు శ్రీకాకుళం నుంచి విడిపోయి పార్వతీపురం మన్యం జిల్లాలో చేరాయి. రెండు పాత జిల్లాల పట్టికలూ కాగితం మీద కాస్త మెరుగుపడ్డాయి, సమస్య కొత్త జిల్లా చిరునామాకు మారింది. నిధి సొమ్ముతో కట్టిన టవర్లను బీఎస్ఎన్ఎల్, ఎయిర్‌టెల్, జియో వినియోగదారులు ఎవరి సిమ్‌తోనైనా వాడుకునే ఏర్పాటు 2025 జనవరిలో మొదలైంది.

న్యాయం కోసం వెళ్లే దారి కూడా చాలా కాలం మూసుకునే ఉంది. టెలిగ్రాఫ్ చట్టంలోని 7బి సెక్షన్ మధ్యవర్తిత్వాన్ని సూచిస్తున్నందున టెలిఫోను తగాదాలు వినియోగదారుల ఫోరాల పరిధిలోకి రావని సుప్రీంకోర్టు 2009లో చెప్పింది. ట్రాయ్ వ్యక్తిగత ఫిర్యాదులను విచారించదు. దాంతో మామూలు చందాదారుకు కంపెనీ ఫిర్యాదు కేంద్రం, కంపెనీయే నియమించిన అప్పీలు అధికారి మాత్రమే మిగిలారు. 2022 ఫిబ్రవరి 16న వొడాఫోన్ ఐడియా కేసులో సుప్రీంకోర్టు ఈ అడ్డు తొలగించి, వినియోగదారు నేరుగా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చని తేల్చింది. అక్కడికి వెళ్లినవాడు చూపించగల సాక్ష్యం ఏమిటన్నది ఆ తీర్పుతో తేలే విషయం కాదు.

2024 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చిన ట్రాయ్ సేవా నాణ్యత నిబంధనలు ఈ లోటును కొంత పూడ్చాయి. ఏ ప్రాంతంలో ఏ సాంకేతికతతో సేవ ఉందో చూపే పటాలను కంపెనీలు తమ వెబ్‌సైట్లలో పెట్టాలి. జిల్లా స్థాయిలో సేవ 24 గంటలకు మించి నిలిచిపోతే ఆ మేరకు బిల్లులో తగ్గింపో, గడువు పొడిగింపో ఇవ్వాలి. తన గూడెం మీద పటంలో రంగు ఉండి చేతిలోని ఫోన్‌లో సిగ్నల్ లేనివాడు ఇకపై కంపెనీ సొంత కాగితాన్నే దాని ముందు పెట్టి అడగగలడు. తయారీదార్ల మీద మాత్రం అటువంటి ఒత్తిడి ఇంకా రాలేదు. *#07# నొక్కితే ఫోన్ నుంచి శరీరం గ్రహించే రేడియో శక్తి విలువ తెర మీద కనిపిస్తుంది, దానికి మన దేశంలో 2012 నుంచి కిలోకు 1.6 వాట్ల పరిమితి ఉంది. అదే ఫోన్ బలహీనమైన సిగ్నల్‌ను ఎంతవరకు పట్టుకోగలదో చెప్పే విలువను కంపెనీలు తమ పరీక్షశాలల్లో కొలుస్తాయి. కొనేవాడు చదివే పెట్టె మీద మాత్రం కెమెరా మెగాపిక్సెళ్లూ బ్యాటరీ సామర్థ్యమూ ఉంటాయి, ఆ అంకె ఉండదు.