తడిసిన స్పాంజి వరదని ఆపుతుందా?

చిత్తడి నేలల గురించి ఎవరు మొదలుపెట్టినా మొదటి మాట ఒకటే, అవి స్పాంజిలాంటివి, వానాకాలం నీళ్లు పీల్చుకుని ఎండాకాలం మెల్లగా వదుల్తాయి అని. నేనూ చాలాకాలం అదే నమ్మా. కానీ ఒకసారి గిన్నెలు తోమే స్పాంజి కుళాయి కింద పెట్టి చూడండి, పొడిగా ఉన్నంతసేపూ చుక్క కిందికి రానివ్వదు, పూర్తిగా నానాక మాత్రం పైన ఎంత పడితే కింద అంతా కారిపోతుంది. చిత్తడి నేల అంటేనే ఎప్పుడూ నాని ఉండేది కదా, మరి కొత్త వాన నీళ్లకి అందులో చోటెక్కడిది?

ఇదేం తిక్క ప్రశ్న కాదు. 2003లో బులక్, ఎక్రిమన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 169 అధ్యయనాలు ఒకచోట పెట్టి చూశారు. నది పక్క మైదానాల్లో ఉన్న చిత్తడి నేలలు చాలావరకు వరదని తగ్గిస్తున్నాయి, లేదా ఆలస్యం చేస్తున్నాయి. ఎగువన వాగులు పుట్టేచోట ఉన్నవాటిలో కొన్ని మాత్రం వరదని పెంచుతున్నాయి కూడా, ఎందుకంటే నిండిన నేల మీద పడ్డ వాన ఇంకకుండా నేరుగా వాగులోకి జారిపోతుంది.

అయితే పాడైపోయిన చిత్తడి నేలల్ని బాగుచేసి లాభం లేదా అంటే, ఉంది, కాకపోతే అది స్పాంజి పని కాదు. ఇంగ్లండ్‌లో కిండర్ స్కౌట్ అనే కొండ మీద పీట్ నేల ఉంది, అంటే కుళ్లీ కుళ్లని మొక్కలు వేల ఏళ్లుగా పేరుకుని ఏర్పడ్డ నల్లటి నేల. అది బోడిగా అయిపోయి గండ్లు పడితే మళ్లీ గడ్డి, నాచు పెంచారు, గండ్లకి అడ్డుకట్టలు వేశారు. తర్వాత కొలిస్తే నేలలో నీటిమట్టం పైకొచ్చింది, అంటే లోపల ఖాళీ ఇంకా తగ్గిందన్నమాట, అయినా సరే వాన పడ్డాక వాగు ఉధృతి తగ్గింది, ఆలస్యంగా వచ్చింది. మొత్తం నీళ్లేం పెద్దగా తగ్గలేదు, గడ్డి, నాచు, కట్టలు కలిసి వాటి పరుగుకి అడ్డం పడ్డాయంతే.

మైదానంలోనూ ఇదే కథ, ఇంకాస్త పెద్ద ఎత్తున. ఒడ్డు దాటిన నీళ్లు మోకాలి లోతులో జమ్ము, తుంగ మధ్య నుంచి పోవాలంటే ప్రతి కాడా రాసుకుంటుంది, వేగం చచ్చిపోయి బురద కిందికి దిగుతుంది, పైగా అక్కడ నీళ్లు పరుచుకోడానికి నిజంగానే ఖాళీ ఉంటుంది. ఫ్లోరిడాలో కిసిమ్మీ నది దాదాపు 166 కిలోమీటర్లు వంపులు తిరుగుతూ పోయేది, 1962 నుంచి 1971 దాకా దాన్ని 90 కిలోమీటర్ల తిన్నటి కాలువ చేసేశారు. మైదానం ఎండిపోయింది, పక్షులు పోయాయి. 1999లో ఆ కాలువని పూడ్చడం మొదలుపెట్టారు, పనులు 2021కి గానీ పూర్తవలేదు! తవ్వడానికి తొమ్మిదేళ్లు, అందులో కొంతభాగం పూడ్చడానికే ఇరవై రెండేళ్లు.

ఒక చిక్కుంది, ఆలస్యం ప్రతిసారీ మంచిది కాదు. ఒక ఉపనదిలో వరద పోటుని ఆరుగంటలు వెనక్కి నెడితే అది సరిగ్గా ఇంకో ఉపనది పోటుతో కలిసి వచ్చే ప్రమాదం కూడా ఉంది, కాబట్టి ఎక్కడ బాగుచేస్తున్నాం అన్నది చూసుకోవాలి.

ఇక ఎండాకాలం సంగతి. చిత్తడి నేల నదికి నీళ్లు ఇస్తుందని అంటాం గానీ అది తాగేది కూడా ఎక్కువే, మొక్కలు, ఎండ కలిసి ఆవిరి చేసేస్తాయి. దక్షిణ సూడాన్‌లోని సుద్ద్ అనే పెద్ద చిత్తడి నేలలోకి వచ్చే వైట్ నైలు నీళ్లలో దాదాపు సగం అక్కడే గాల్లో కలిసిపోతాయి. ఆ నీళ్లు వృథా అనుకుని, సుద్ద్‌ని తప్పించి ఈజిప్టు, సూడాన్‌లకి మళ్లిద్దామని 1978లో జోంగ్లీ కాలువ మొదలుపెట్టారు. ఆ 'వృథా' నీళ్ల మీదే అక్కడి పశువుల మేత, చేపలు ఆధారపడి ఉన్నాయి మరి. 360 కిలోమీటర్లలో మూడింట రెండొంతుల దాకా తవ్వాక 1984లో అంతర్యుద్ధం వల్ల పని ఆగిపోయింది, ఆ తవ్విన భారీ యంత్రాన్ని అక్కడే తుప్పు పట్టడానికి వదిలేసి పోయారు.